ట్రాక్టరు రేడియేటరులో నీరు ఎటు పోవుచున్నది?

దమ్ము రోజులలో ప్రతి ఉదయమును రేడియేటరు మూత తీసి, చెంబెడు నీరు తగ్గినదని చూచి, ప్రక్కనున్న బోదెలో ముంచి పోసి ఇంజను నడుపుట చాలమంది ట్రాక్టరు యజమానులకు అలవాటైపోయినది. ట్రాక్టరు క్రింద నేల పొడిగానే యుండును. గొట్టముల వద్ద చుక్క కారినట్లు కానరాదు. అయినను మరునాడు మరల చెంబెడు తక్కువ. "వేడికి ఆవిరైపోయి యుండునండీ" అని డ్రైవరు చెప్పును. యజమాని సరే యనును.

ఈ మాట నమ్మదగినది కాదు. రేడియేటరు, ఇంజను చుట్టునున్న నీటి గదులు, వాటిని కలుపు గొట్టములు అన్నియు చేరి మూత బిగించిన ఒకే పాత్ర. మంచి స్థితిలోనున్న ట్రాక్టరునకు నెలల తరబడి నీరు పోయనక్కర లేదు. నీరు తగ్గినదనగా దానికి ఎక్కడనో దారి దొరికినదని అర్థము. ఆ దారులు మూడే. బయటకు కారిపోవుట ఒకటి, మూత గుండా పొంగిపోవుట రెండవది, ఇంజను లోపలికి చొచ్చుట మూడవది. మొదటి రెంటికి మరమ్మతు ఖర్చు స్వల్పము. మూడవదానిని అశ్రద్ధ చేసినచో ఇంజనే పోవును.

ఇందువలన రైతులు రెండు విధములుగ నష్టపడుచున్నారు. కొందరు మూతలోని రబ్బరు చెడిన మాత్రమున ఇంజను విప్పించుకొనుచున్నారు. మరికొందరు ఇంజను లోపలికే నీరు పోవుచుండగా రోజును చెంబెడు పోయుచు నడిపించుచున్నారు. ఏ దారిన నీరు పోవుచున్నదో మొదట నిర్ణయించుకొనినచో ఈ రెండు నష్టములును తప్పును. నిర్ణయించుటకు కావలసిన పరీక్షలలో చాల భాగము మీ పశువుల కొట్టము ముందరనే, పైసా ఖర్చు లేకుండ చేసికొనవచ్చును.

నాలుగు చక్రములకును బలమందెడి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరులలో ఈ ఫిర్యాదు హెచ్చుగా వినబడుచున్నది. అది ఆ బండి లోపము కాదు, మనము దానిచే చేయించు పని అట్టిది. కేజి వీల్సు కట్టి, వెనుక రోటవేటరు తగిలించి మోకాలిలోతు బురదలో దింపినపుడు ఇంజను పూర్తి బరువు మీద పని చేయుచుండును గాని బండి నడక మాత్రము మనిషి నడక. ఎదురు గాలి యుండదు. ఫ్యాను లాగిన గాలియే గాలి. దానికి తోడు ముందు చక్రములు చిమ్మిన బురద రేడియేటరు రెక్కల మీద పడి ఎండును. తొట్టి తోలినపుడు బయటపడని చిన్న లోపము కూడ ఇట్టి పనిలో మొదటి రోజుననే బయటపడును.

నిజముగా తగ్గుచున్నదా?

ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కాని నా వద్దకు వచ్చు ఫిర్యాదులలో కొన్ని ఇక్కడనే తీరిపోవుచున్నవి. 30 డిగ్రీల నీరు 90 డిగ్రీలకు కాగినపుడు నూటికి 3 వంతులు ఉబ్బును. పది లీటర్లు పట్టు ఇంజనులో ఇది 300 మిల్లీలీటర్లు, అనగా చెంబులో సగమునకు పైగా. ప్రక్కన నీటి సీసా యున్న ట్రాక్టరులో ఈ ఉబ్బిన నీరు సీసాలోనికి పోయి, చల్లారిన పిదప తిరిగి లోనికి వచ్చును. సీసా లేని పాత బండ్లలో అది గొట్టము గుండా నేల మీద పడును. డ్రైవరు మరునాడు మరల మూతి మట్టముగ నింపును. మరల 300 మిల్లీలీటర్లు పోవును. ఇది కారుట కాదు, నింపుటలోని తప్పు. సీసా లేని బండిలో రేడియేటరు లోపలి గొట్టములు మునుగునట్లు నింపి, మూతి క్రింద రెండు వ్రేళ్ల ఖాళీ విడువవలెను. రెండు మూడు రోజులు ఏమియు పోయక చూడుడు. ఒక మట్టమున నిలిచినచో మీ బండిలో ఏ లోపమును లేదు.

ఇటీవల నీరంతయు దింపి మరల నింపినచో, లోపల చిక్కిన గాలి ఒకటి రెండు రోజులలో మెల్లగా బయటపడి మట్టము కొంత దిగును. అదియు నష్టము క్రింద లెక్క కాదు.

మట్టము ఎల్లప్పుడు సమనేల మీద, ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, ఉదయము పూటనే చూడవలెను. చూచినది కాగితము మీద పెట్టవలెను. ట్రాక్టరు మీటరులో ఎన్ని గంటలు నడిచినదో తెలియును గదా. ఆ గంటల అంకె, పోసిన నీరు, ఆనాడు చేసిన పని, ఈ మూడును వ్రాసినచో చాలును. కొలత పాత్రగా లీటరు నీళ్ల సీసాను వాడుడు. చెంబు లెక్క ఇంటికొక రీతిగ నుండును.

వారము రోజుల లెక్కలోనే రోగము సగము తెలిసిపోవును. బండి రెండు రోజులు ఊరక నిలిచినను మట్టము తగ్గినచో, ఎక్కడనో చెమర్చుచున్నది, లేదా లోపలికి దిగుచున్నది. నిలిచినపుడు తగ్గక, తొట్టి తోలినపుడు తగ్గక, రోటవేటరు వేసిన నాడు మాత్రమే తగ్గినచో, మూతను, రేడియేటరు రెక్కలను, ఫ్యాను బెల్టును ముందుగా అనుమానింపవలెను. పని ఏదైనను గంటల లెక్కకు సరిగా తగ్గుచు, ఆ కొలత వారము వారమునకు పెరుగుచున్నచో హెడ్ గ్యాస్కెటు మీదికి అనుమానము పోవలెను.

మూత సంగతి

మూతను గూర్చి కొంత విస్తరించి వ్రాయుచున్నాను. ఏలనన దీనిని అందరును చెంబు మూత వంటిదే ననుకొనుచున్నారు. నిజమునకు ఇది రెండు కవాటములు గల యంత్ర భాగము. మూత క్రిందనున్న స్ప్రింగు, దాని రబ్బరు కలిసి లోపలి ఒత్తిడిని పట్టి యుంచును. బయట గాలిలో నీరు 100 డిగ్రీలకు మరగును. మూత మీద చదరపు సెంటీమీటరుకు 0.5 కిలోల అంకె యున్నచో లోపలి నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరగదు. 0.9 అంకె యున్నచో 118 డిగ్రీల వరకు మరగదు. బురదలో బరువు లాగునపుడు ఇంజను తలలో కొన్ని చోట్ల వేడి 100 దాటుట సహజము. రబ్బరు పగిలినను, స్ప్రింగు వదులైనను ఈ కాపుదల పోయి, నీరు 100 డిగ్రీలకే కుతకుత మరగి గొట్టము గుండా పోవును. బురదలో పడిన నీటిని ఎవరు చూతురు?

రెండవ కవాటము మూత నడుమనున్న చిన్న బిళ్ల. ఇంజను చల్లారి లోపలి నీరు కుదించుకొనిపోవునపుడు ఈ బిళ్ల తెరుచుకొని సీసాలోని నీటిని వెనుకకు పీల్చుకొనును. ఇది బిగిసిపోయినచో నీరు సీసాలోనికి పోవునే గాని తిరిగి రాదు. సీసా నిండి పొర్లును, రేడియేటరు వెలితి పడును. సీసాకు పోవు సన్నని గొట్టము చీలినను ఇదే ఫలితము కలుగును, నీటికి బదులు గాలి పీల్చుకొనును. ఉదయము పై గొట్టము నొక్కుకుపోయినట్లు చప్పిడియై కనబడినచో ఆ బిళ్ల పని చేయుట లేదని వెంటనే చెప్పవచ్చును.

గోదావరి డెల్టాలోని ఒక గ్రామములో సార్వా దమ్ముల నడుమ ఒక ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు రోజుకు లీటరు వంతున నీరు త్రాగుచుండెను. క్రింద చుక్క లేదు. మెకానిక్కు వచ్చి హెడ్ గ్యాస్కెటు పోయినదని తేల్చి తల విప్పినాడు. సామాను పట్టణము నుండి వచ్చుటకు, బిగించుటకు ఆరు రోజులు పట్టినది. క్రొత్త గ్యాస్కెటుతో బండి దిగిన నాడే మరల లీటరు పోయినది! తరువాత ఆ మూతను తిరుగవేసి చూడగా రబ్బరు చుట్టును గోటితో గీచినట్లు పగుళ్లు కనబడినవి. క్రొత్త మూత వేసిన పిదప నీరు పోయవలసిన పని లేకపోయినది. ఆ ఇంటివారికి మెకానిక్కు కూలి కంటె, ఆరు రోజులు నారు మడిలో ముదిరిపోయిన నష్టమే పెద్దది. ముదురు నారు నాటిన చేను పిలకలు సరిగా వేయదని మీకు నేను చెప్పవలెనా?

కావున తల విప్పించుటకు ముందు మూత చూడుడు. రబ్బరు మెత్తగా, నునుపుగా నుండవలెను. వ్రేలితో నొక్కినపుడు స్ప్రింగు గట్టిగా ఎదురొత్తవలెను. నడిమి బిళ్లను గోటితో లాగి విడిచినపుడు టక్కున మూసుకొనవలెను. మూత కూర్చుండు మూతి అంచు సొట్ట పడరాదు, అక్కడ పాచి పేరుకొనరాదు. క్రొత్త మూత కొనునపుడు పాతదాని మీది అంకెనే అడిగి తీసికొనవలెను. అంగడిలో అన్నియు ఒకే కొలతగా కనబడును గాని ఒత్తిడి అంకెలు వేరు. ఎక్కువ అంకె గల మూత వేసినచో మేలనుకొనువారు కలరు. అట్లు చేసినచో ఆ అదనపు ఒత్తిడి పాత గొట్టముల మీదను, రేడియేటరు అతుకుల మీదను పడును.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. వేడి మీదనున్న మూతను ఎన్నడును తీయరాదు. లోపలి నీరు 100 డిగ్రీలు దాటి యుండి, మూత పట్టు వలననే మరగక నిలిచి యుండును. మూత వదలిన క్షణముననే అది ఆవిరియై ముఖము మీదికి ఎగజిమ్మును. తడి గోనె వేసి తిప్పినను చేతులు, ముఖము కాలినవారున్నారు. పై గొట్టమును చేతితో నిబ్బరముగ పట్టుకొనగలిగినంత చల్లారిన పిదపనే, మొదటి మెట్టు వరకు తిప్పి ఆగి, ఆ తరువాత తీయవలెను. ఉడుకుచున్న ఇంజనులో చన్నీరు పోయుటయు అంతే ప్రమాదము. పోత ఇనుము పగులును.

బయటకు కారుట

బయటి కారుడు కంటికి కనబడునని అనుకొందుము. వేడి ఇనుము మీద పడిన చుక్క నేలకు చేరక ముందే ఆవిరియగును. కాబట్టి తడి కొరకు గాక మచ్చ కొరకు వెదకవలెను. బోరు నీరు పోసిన బండిలో తెల్లని ఉప్పు చార, పాత నీరైనచో తుప్పు చార, కూలెంటు పోసినచో దాని రంగు గల జిగురు మచ్చ మిగులును. ముందు రోజు ఇంజనును శుభ్రముగ కడిగి ఆరనిచ్చి, ఒక పూట పని చేయించి, పిమ్మట లాంతరో టార్చియో పట్టుకొని చూచినచో క్రొత్త చార సులభముగ తెలియును.

కొన్ని అతుకులు చల్లగా నున్నపుడే కారును. వేడికి ఇనుము, గొట్టము ఉబ్బి సందు మూసుకొనును, రాత్రి చల్లబడి సందు తెరుచుకొనును. పగలంతయు వెదకి ఏమియు లేదనుకొన్నవారు రాత్రి బండి క్రింద పాత వార్తాపత్రికలు పరచి, నాలుగు మూలల రాళ్లు పెట్టి, తెల్లవారి వాటిని చూడవలెను. చుక్క పడిన చోటికి నేరుగా పైన ఏ భాగమున్నదో గుర్తించుడు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఇక్కడ ఒక చిక్కు కలదు. ముందు ఇరుసులోను, ముందు చక్రముల గేరు డబ్బాలలోను ఆయిలు ఉండును, దాని సీళ్లు పోయినను చుక్క అదే చోట పడును. రేడియేటరు నుండి జారిన నీరు కూడ ఇరుసు మీదుగా ప్రాకి ప్రక్కకు పోయి పడవచ్చును. కాగితము మీది మచ్చ ఆరిన పిదప జిడ్డుగా, పారదర్శకముగ నిలిచినచో అది ఆయిలు. ముడుత పడి, అంచున చార మాత్రము మిగిలినచో నీరు.

నీటి పంపు క్రింద చిన్న రంధ్రమొకటి ఉండును. దానిని మూయుటకు మైనము పెట్టిన డ్రైవరులను చూచితిని. ఆ రంధ్రము కంపెనీవారు బుద్ధిపూర్వకముగ పెట్టినది. లోపలి సీలు అరిగినపుడు నీరు బేరింగులోనికి పోకుండ బయటపడి మనకు తెలియుటకే. అక్కడ చార మాత్రమున్నచో కనిపెట్టి యుండవచ్చును. చుక్కలు కట్టుచున్నచో సీలు మార్పించవలెను. ఆలస్యము చేసినచో బేరింగు కూడ పోయి, ఫ్యాను ఊగి రేడియేటరును కోయును.

గొట్టముల క్లిప్పులు, రేడియేటరు క్రింది తొట్టి అతుకు, నీరు దింపు కుళాయి చూడవలెను. ఇంజను ప్రక్కన నాణెముల వలె గుండ్రముగ నుండు కోర్ ప్లగ్గులు ఉప్పు నీటికి లోపలి నుండి తినివేయబడును. వాటిలో కొన్ని స్టార్టరు వెనుక దాగి యుండును గాన అద్దము పెట్టి చూచుట మంచిది. క్యాబిను గల బండిలో హీటరు ఉన్నచో దాని గొట్టములను మరువరాదు. కాళ్ల క్రింది చాప తడిసినచో కారణమదే.

రెక్కల నడుమ బురద, ఊక, గడ్డి పేరుకొన్నచో ఎక్కడను కారకున్నను నీరు పొంగి పోవును. దమ్ము రోజులలో ప్రతి సాయంకాలమును ఇంజను చల్లారిన పిదప ఫ్యాను వైపు నుండి ముందుకు, మెల్లని నీటి ధారతో కడుగవలెను. కార్లు కడుగు పెద్ద ఒత్తిడి యంత్రము వాడినచో రెక్కలు వంగి మొదటి కంటె హీనమగును. బెల్టును బొటన వ్రేలితో నొక్కినపుడు సుమారు అర అంగుళము దిగవలెను, మీ బండి పుస్తకములో వేరు కొలత యున్నచో దానినే పాటింపుడు.

వేడి ఎక్కుచున్నదని ధర్మోస్టాటును తీసి పారవేయుట మన ప్రాంతములలో తరచుగ జరుగుచున్నది. ఇది నాకు సమ్మతము కాదు. రకమును బట్టి 70 నుండి 85 డిగ్రీల మధ్య తెరుచుకొను ఆ కవాటము లేనిచో తేలిక పనిలో ఇంజను ఎప్పుడును చలిగానే నడచి, డీజిలు సరిగా కాలక, లైనర్లు త్వరగా అరుగును. చెడినచో క్రొత్తది వేయుడు.

ఇంజను లోపలికి పోవుట

మూత మంచిది, బయట చార లేదు, రెక్కలు శుభ్రముగ నున్నవి, అయినను నీరు తగ్గుచున్నది. ఇప్పుడు లోపలి సంగతి చూడవలెను. ఇందులో మొదటి పరీక్ష ఆయిలుదే, ఏలనన ప్రమాదమంతయు అందులోనే యున్నది. రాత్రంతయు నిలిచిన బండి ఆయిలు కడ్డీని తీసి చూడుడు. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో నురుగుగా నున్నను, పోయకుండ మట్టము పెరిగినను ఇంజనును స్టార్టు చేయరాదు. ఆయిలు పెరిగినదని సంతోషించు డ్రైవరులు ఉన్నారు! పెరిగినది ఆయిలు కాదు, మీరు పోసిన నీరు. డీజిలు దిగినను మట్టము పెరుగును గాని అప్పుడు ఆయిలు నల్లగానే యుండి పలుచబడి డీజిలు వాసన కొట్టును. చలికాలపు ఉదయములలో, కొద్ది దూరమే నడచిన బండిలో, ఆయిలు పోయు మూత లోపల మాత్రము కొంచెము తెల్లని జిగట కనబడుట మంచు చెమ్మ వలన. కడ్డీ మీద ఆయిలు శుభ్రముగ నున్నచో దానికి బెదరనక్కర లేదు.

సందేహముగా నున్నచో మరి రెండు పరీక్షలు కలవు. నీరు ఆయిలు కంటె బరువైనది గాన రాత్రి నిలిచిన బండిలో అడుగుకు చేరును. ఉదయము క్రింద పళ్లెము పెట్టి, ఆయిల్ చాంబరు బోల్టును మెల్లగా వదులు చేసినచో మొదట నీటి చుక్కలే వచ్చును. శుభ్రమైన ఆయిలు వచ్చినచో వెంటనే బిగింపవలెను. రెండవది ఇంకను తేలిక. వాడుకలో లేని పాత పెనమును వేడి చేసి, పొయ్యి నుండి దింపి, దానిపై ఒక్క చుక్క ఆయిలు వేయుడు. నీరున్నచో పోపు గింజల వలె చిటపటలాడును. లేనిచో ఊరక పరచుకొని పొగ వచ్చును. ముఖము దూరముగా నుంచుడు.

నీరు చాంబరులోనికి ఎట్లు దిగును? మన ట్రాక్టరులలో చాల వాటికి లైనర్ల బయటి గోడ నేరుగా నీటిలో తడియుచుండును. లైనరు అడుగున రబ్బరు ఉంగరములు నీటిని ఆపును. అవి గట్టిపడినచో నీరు మెల్లగా చాంబరులోనికి జారును. మరియొక కారణము కలదు, దీనిని ఎరిగినవారు తక్కువ. డీజిలు పేలినపుడెల్ల లైనరు గంట వలె అదరును. ఆ అదురునకు గోడ ప్రక్కనున్న నీటిలో సన్నని బుడగలు పుట్టి, మరుక్షణమే ఇనుము మీద చితికిపోవును. వేల గంటలలో ఈ దెబ్బలకు లైనరు బయటి గోడ సూదితో పొడిచినట్లు గుంటలు పడి, తుదకు ఒక గుంట లోపలికి తెగును. డీజిలు ఇంజనులకు తగిన కూలెంటులోని మందులు గోడ మీద సన్నని పొరగా నేర్పడి దీనిని చాల వరకు ఆపును. వట్టి నీటిలో ఆ పొర యుండదు.

తెగిన లైనరు గాని, చెడిన గ్యాస్కెటు గాని నీటిని సిలిండరులోనికి కూడ విడువగలదు. ఉదయము స్టార్టరు వేసినపుడు ఇంజను సగము తిరిగి కట్టివేసినట్లు ఆగినచో మరల మరల వేయకుడు, తోయించకుడు. గాలి వలె నీరు కుదించుకొనదు గాన కనెక్టింగు రాడ్డు వంగును. ఇంజెక్టరులు తీయించి, చేతితో త్రిప్పించి, నీరు బయటకు చిమ్ముచున్నదేమో చూపించుకొనవలెను.

హెడ్ గ్యాస్కెటు చెడినపుడు చాల పర్యాయములు ఆయిలు శుభ్రముగానే యుండును. సిలిండరులో డీజిలు పేలునపుడు పుట్టు ఒత్తిడి రేడియేటరు ఒత్తిడికి ఎన్నో రెట్లు. ఆ గాలి సన్నని సందు గుండా నీటిలోనికి దూరి, నీటిని మూత గుండా బయటకు నెట్టును. దీనిని కనిపెట్టుటకు చల్లని ఇంజనులో మూతి మట్టము వరకు నీరు నింపి, మూత వేయక స్టార్టు చేయించి, మొదటి రెండు నిమిషములు నీటిని చూడవలెను. ఎడతెగని సన్నని బుడగలు వచ్చుచు, ఇంజను వేగము పెంచినపుడు ఎక్కువైనచో సందేహము చాల వరకు తీరినట్లే. వేడెక్కక ముందే ఆపి వేయవలెను. భుజము మీది తువాలును తీసి ప్రక్కన పెట్టి మరీ ఈ పరీక్ష చేయుడు, ఫ్యాను తిరుగుచుండును. మూత వేసి స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషములలోనే, ఇంకను చల్లగా నుండగనే, పై గొట్టము రాయి వలె బిగిసినను అదే గుర్తు.

సైలెన్సరు నుండి తెల్లని పొగ ఇంకొక గుర్తు గాని దాని మీదనే ఆధారపడరాదు. చలికి కాలని డీజిలు కూడ తెల్లగానే వచ్చును, ఇంజను వేడెక్కగనే పోవును. వేడెక్కిన పిదప కూడ తెల్లని ఆవిరి ఆగనిచో అప్పుడు అనుమానింపవలెను. 2023 జనవరి 1 నుండి 50 హార్సు పవరునకు మించిన ట్రాక్టరులకు ట్రెమ్ నాలుగవ దశ కాలుష్య నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అట్టి కొన్ని ఇంజనులలో కాలిన పొగలో కొంత భాగమును నీటితో చల్లార్చి తిరిగి ఇంజనులోనికి పంపు ఈజీఆర్ కూలరు ఉండును. అది చిల్లి పడినను ఆయిలు శుభ్రముగ నుండి, తెల్లని ఆవిరితో నీరు తరుగును. ఇట్టి బండికి తల విప్పుటకు ముందు ఆ కూలరును పరీక్షింపుమని మీరే అడుగవలెను.

రేడియేటరులోని నీటి మీద ఆయిలు జిడ్డు తేలినచో ఆయిలు కూలరును చూపింపుడు. ఇంజను నడచునపుడు ఆయిలు ఒత్తిడి నీటి ఒత్తిడి కంటె ఎక్కువ గాన ఆయిలే నీటిలోనికి పోవును. ఆపిన తరువాత మిగిలిన నీటి ఒత్తిడి కొంత నీటిని ఆయిలులోనికి నెట్టును.

పసుపు, పొడులు, పోయవలసిన నీరు

కారుచున్న రేడియేటరులో గుప్పెడు పసుపు వేయుట మన దేశమున చాలచోట్ల నున్న చిట్కా. చిల్లి చిన్నదైనచో అది కొంత సేపు ఆగునన్న మాట నిజమే. పొలము నుండి ఇల్లు చేరుటకు అక్కరకు వచ్చును. కాని అదే పసుపు, అదే అంగడి పొడి, రేడియేటరులోని సన్నని గొట్టములలో కూడ చేరి గట్టిపడును. చిల్లి మూయబోయి గొట్టము మూసినట్లగును. ఇల్లు చేరిన పిదప నీరంతయు దింపి కడిగించవలెను.

ఉప్పు బోరు నీరు రేడియేటరునకు పనికిరాదు. పశువులు త్రాగని నీటిని ఇంజనుకు పోయకుడు. తయారుగా కలిపి అమ్ము కూలెంటు మేలు. చిక్కని కూలెంటు కొన్నచో శుద్ధి చేసిన నీటితో, డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలుపవలెను. రెండు రకములను ఒకదానితో నొకటి కలుపరాదు. రంగు ఒకటైనంత మాత్రమున రకము ఒకటి కాదు. కూలెంటులో సాధారణముగ నుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండి విషమైనది. దింపిన నీటిని కాలువలో గాని, కొట్టము దగ్గర గాని పారబోసినచో కుక్కలు, దూడలు త్రాగి చనిపోవచ్చును. పిల్లలున్న ఇంట మూత గట్టి డబ్బాలో పోసి దాచి, బండి బాగు చేయు షెడ్డువారికి అప్పగింపవలెను.

మెకానిక్కు వద్ద

ఇంతవరకు చేసిన పరీక్షల ఫలితము చెప్పి, విప్పుటకు ముందు ఒత్తిడి పరీక్ష చేయుమని అడుగుడు. గడియారము గల చేతి పంపును రేడియేటరు మూతికి బిగించి, మూత మీది అంకె వరకు గాలి కొట్టి పదిహేను నిమిషములు ఉంచుదురు. ముల్లు నిలిచినచో పాత్ర గట్టిది. దిగినచో ఎక్కడనో చుక్క కనబడును, కనబడనిచో నీరు లోపలికే పోవుచున్నది. నీటి పైనున్న గాలిని నీలి రంగు ద్రవము గుండా లాగి చూచు పరీక్ష కూడ కలదు. కాలిన పొగ అందులో నున్నచో ఆ రంగు మారును. ఈ పరికరములు లేని మెకానిక్కు "చూడగానే తెలిసినది" అని చెప్పినచో మరియొకరిని అడుగుట తప్పు కాదు. వారంటీ గడువులో నున్న బండిని బయట విప్పించరాదు.

తల విప్పవలసియే వచ్చినచో గ్యాస్కెటు మాత్రము మార్చి మూసిన పని నిలువదు. తల అడుగు వంగినదేమో ఉక్కు బద్దతో కొలువవలెను. లైనర్లు బ్లాకు మట్టము కంటె ఎంత పైకి పొడుచుకొని యున్నవో ఒక్కొక్కదానిని కొలువవలెను. బోల్టులను కంపెనీ పుస్తకములో చెప్పిన వరుసలో, చెప్పిన బిగువుతో, టార్కు రెంచి వాడి బిగింపవలెను. మీరు ప్రక్కన నిలిచి చూడుడు.

దమ్ము నడుమ ఆయిలు తెల్లబడినట్లు తెలిసినచో మిగిలినది రెండెకరములే యని చూడకుడు. నీరు కలిసిన ఆయిలు బేరింగులను మోయలేదు. క్రాంకు గీసుకొనిపోయిన పిదప అయ్యెడి ఖర్చుతో పోల్చినచో ఆ రెండెకరములకు వేరొక బండి అద్దె చాల తక్కువ. ఉన్న చోటనే ఆపి, గేరు న్యూట్రల్ చేసి, ముందు చక్రముల లీవరు విడదీసి, మరియొక ట్రాక్టరుతో గట్టు మీదికి లాగింపుడు.

ట్రాక్టరు సంరక్షణ నేర్చుకొనగోరు రైతులకు, డ్రైవరులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ కలదు. రైతు సంఘముల, అద్దె కేంద్రముల ట్రాక్టరులను పర్యవేక్షించు గ్రామాధికారులు ఈ విషయమున ప్రత్యేక శ్రద్ధ వహింపవలెను. పలువురు డ్రైవరులు మారు బండిలో నిన్న ఎవరు ఎంత నీరు పోసిరో నేటివానికి తెలియదు గాన లోపము నెలల తరబడి మరుగున పడియుండును. బండి పెట్టెలో ఒక నోటు పుస్తకమును దారముతో కట్టించి, తేదీ, మీటరు గంటలు, పోసిన నీరు, ఆయిలు మట్టము, చేసిన పని, డ్రైవరు సంతకము అను గళ్లు గీయించుడు. వారమునకొకసారి మీరు చూచి సంతకము చేయుడు. మూత మార్చిన తేదీని, దాని మీది అంకెను కూడ అందులోనే వ్రాయించవలెను.